పోయిన మూడు ఆకులు

1994లో హైదరాబాద్ అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద, 12 రూపాయలకు ఒక పుస్తకం కొన్నాను. ముందు అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ముందుమాట మధ్యలో ఎక్కడో ఒక వాక్యం సగం నుంచి మొదలవుతుంది. వెనక అట్ట మీద మాత్రం పెంగ్విన్ బొమ్మ, మాబినోగియన్ అన్న పేరు ఉన్నాయి. బ్రిటన్‌లోని వేల్స్ వాళ్ళ పాత కథలవి. అమ్మేవాడు ఇరవై అడిగాడు. అట్ట లేని పుస్తకానికి ఇరవయ్యా అంటే, లోపల కథ ఉంది కదా సార్ అన్నాడు. అదీ పూర్తిగా లేదని నాకు ఇంటికెళ్ళాక తెలిసింది.

మా నాన్న తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు పేజీ నంబర్లు చూసుకోవాలని చిన్నప్పుడే నేర్పారు. అబిడ్స్‌లో ఆ పని చెయ్యలేదు. రెండో కథ నడుమ మూడు ఆకులు, అంటే ఆరు పేజీలు లేవు. ఎవరో చింపినవి కావు, జిగురు ఎండి రాలిపోయినవి.

పేర్లతోనే మొదటి తంటా. పి, డబ్ల్యు, వై, రెండు ఎల్‌లు. ఇది ఒక రాజు పేరట! దీన్ని ఎలా పలకాలో చెప్పే పేజీ ఉన్నా అది రాలిపోయిన పేజీల్లోనే ఉండి ఉంటుంది. నేను ‘ప్విల్’ అని పెట్టుకున్నాను. పదిహేనేళ్ళ పాటు ఆయన నాకు ప్విల్ మహారాజే.

ఆ రాజు వేటకు వెళ్తాడు. అడవిలో తెల్లగా మెరిసే కుక్కలు ఒక దుప్పిని పడగొట్టి ఉంటాయి. కుక్కల ఒళ్ళంతా తెలుపు, చెవులు మాత్రం ఎరుపు. వాటిని తరిమేసి తన కుక్కలకు ఆ మాంసం పెడతాడు. ఆ కుక్కల యజమాని అన్నూన్ అనే వేరే లోకానికి రాజు. చేసిన తప్పుకు పరిహారంగా ఏడాది పాటు నా రూపంతో నా రాజ్యంలో ఉండు, నేను నీ రూపంతో నీ రాజ్యం చూస్తాను, నా శత్రువును నువ్వు ఒక్క దెబ్బతో పడగొట్టు, రెండో దెబ్బ కొట్టావో వాడు లేచి కూర్చుంటాడు అంటాడు. చందమామ చదివి పెరిగినవాడికి ఇందులో ఆశ్చర్యం ఏముంటుంది? నాకు ఆశ్చర్యం వేసింది తర్వాతి సంగతికి. ఆ ఏడాదంతా రాత్రిళ్ళు ఆ రాజు భార్య పక్కనే పడుకుంటూ కూడా ఈయన మంచం అంచు వైపు మొహం తిప్పుకుని పడుకున్నాడు. ఆవిడకు సంగతి తెలియదు. ఏడాది తర్వాత అసలు మొగుడు వచ్చి ప్రేమగా పలకరిస్తే, ‘ఏడాది నుంచి లేనిది ఇవాళేమిటి’ అనుకుంటుంది. చెప్పకుండా వదిలేసినది ఎక్కువ, చెప్పినది తక్కువ. ఈ కథల తీరే అంత.

ఆ వేసవి సెలవుల్లో పుస్తకం పట్టుకుని రేపల్లె దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. అమ్మమ్మకు చదువు రాదు, కథలు మాత్రం లెక్కలేనన్ని వచ్చు. రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక, ఎప్పుడూ నేనే చెబుతానేరా, నువ్వు చదివే ఆ చిరుగుల బొంతలో ఏముందో చెప్పు అంది. సరేనని ప్విల్‌తోనే మొదలుపెట్టాను.

రియానన్ అనే ఆవిడ వచ్చిన చోట అమ్మమ్మ లేచి కూర్చుంది. ఒక దిబ్బ ఉంటుంది. దాని మీద కూర్చున్న రాజుకు దెబ్బలైనా తగులుతాయి, లేదా ఒక అద్భుతమైనా కనపడుతుంది. ఈయన కూర్చుంటే బంగారు పట్టు బట్టల్లో ఒకావిడ తెల్ల గుర్రం మీద నింపాదిగా దారిన పోతూ కనపడుతుంది. మనిషిని పంపితే అందుకోలేడు. మర్నాడు మంచి గుర్రమిచ్చి పంపుతాడు. అదీ అందుకోలేదు. ఎంత వేగంగా తరిమితే ఆమె అంత దూరమవుతుంది, ఆమె గుర్రం మాత్రం అదే నడక. మూడో రోజు తనే వెళ్ళి, గుర్రం ఉసూరుమన్నాక, అమ్మా, నీకు అందరికంటే ఇష్టమైనవాడి మీద ఒట్టు, ఆగు అంటాడు. ఆవిడ ఆగి, అలాగే ఆగుతాను, ఈ మాట ఇంతకుముందే అడిగి ఉంటే ఆ గుర్రానికైనా బాగుండేది అంటుంది.

అమ్మమ్మ నవ్వు పక్క డాబా దాకా వినపడింది. ‘మొగాళ్ళు అడగరురా, తరుముతారు’ అంది.

తర్వాతి భాగానికి నవ్వలేదు. ఆ రాజును పెళ్ళాడిన రియానన్‌కు కొడుకు పుట్టిన రాత్రే పసివాడు మాయమవుతాడు. కాపలా ఉండాల్సిన ఆడవాళ్ళు నిద్రపోయారు. ప్రాణభయంతో కుక్కపిల్లల్ని చంపి, ఆ నెత్తురు తల్లి మొహానికి, చేతులకు పూసి, బిడ్డను తనే చంపుకుంది అంటారు. శిక్ష ఏమిటంటే ఏడేళ్ళ పాటు కోట గుమ్మం బయట గుర్రం ఎక్కే రాయి పక్కన కూర్చోవాలి, వచ్చిన ప్రతి కొత్తవాడికీ తన కథ తనే చెప్పాలి, ఒప్పుకుంటే వాణ్ణి వీపు మీద మోసుకుని లోపలికి తీసుకెళ్ళాలి. గుర్రం మీద ఎవరికీ అందనిది చివరికి తనే గుర్రమైంది. మోయించుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళు మాత్రం చాలా తక్కువ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది.

నేను ఆ పోలిక చెప్పి గొప్పగా ఆగాను. అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: ‘ఆ కుక్కపిల్లల తల్లి ఏమైందిరా?’

పుస్తకంలో లేదు. ఈ కథల మీద ఆ తర్వాత నేను చదివినవాటిలో ఎక్కడా ఆ ప్రశ్న కనపడలేదు. (పిల్లవాడు దొరుకుతాడు, భయపడకండి. ప్రతి మే నెల ముందటి రాత్రి తన గుర్రం ఈనిన పిల్ల మాయమవుతోందని కాపలా కాసిన ఒక పెద్దమనిషి గుమ్మంలో దొరుకుతాడు. తల్లి దగ్గరకు చేర్చాక ‘నా బెంగ తీరింది’ అని ఆవిడ అన్న మాట నుంచే వాడికి ప్రిడేరి అని పేరు పెడతారు. ఆ పేరుకు బెంగ అనే అర్థం.)

మర్నాటి రాత్రి రెండో కథ, బ్రాన్వెన్‌ది. పేజీలు పోయింది ఇందులోనే.

బ్రాన్వెన్ అనే పిల్లకు బ్రాన్ అని ఒక అన్న, పెద్ద రాక్షసాకారుడు. ఏ ఇంట్లోనూ పట్టడు. హార్లెక్ అనే చోట సముద్రం ఒడ్డున రాతి మీద కూర్చుని ఉండగా ఐర్లండ్ రాజు ఓడల్లో వచ్చి చెల్లెల్ని అడుగుతాడు. ఇస్తారు. తనను అడగలేదని సవతి తమ్ముడు ఒకడికి కోపం వచ్చి, పెళ్ళివారి గుర్రాల పెదవులు, చెవులు, తోకలు కోసేస్తాడు. ఆ అవమానానికి పరిహారం ఇస్తారు, వియ్యాలవారు తీసుకుంటారు, అయినా కడుపులో పెట్టుకుంటారు. ఐర్లండ్‌లో ఏడాది బాగానే గడుస్తుంది, కొడుకూ పుడతాడు. రెండో ఏడు పాత అవమానం లేస్తుంది. పిల్లను వంటింట్లోకి తోస్తారు. మాంసం కొట్టేవాడు రోజూ పని ముగించుకుని, ఆ నెత్తుటి చేతులతోనే వచ్చి ఆమె చెంప మీద కొట్టాలి. మూడేళ్ళు అలా. పుట్టింటికి కబురు పోకుండా ఓడలు ఆపేస్తారు.

ఇంత దుర్మార్గపు అత్తిల్లు అమ్మమ్మకు కొత్త కాదు. ఆవిడ కథల్లో ఇంకా ఘోరమైనవి ఉన్నాయి. కానీ ఆ పిల్ల పిండి పిసికే తొట్టి అంచున ఒక స్టార్లింగ్ పిల్లను పెంచి, దానికి మాటలు నేర్పి, తన అన్న ఎలా ఉంటాడో చెప్పి, రెక్క మొదట్లో ఉత్తరం కట్టి సముద్రం మీదుగా పంపిందని చెప్పేసరికి అమ్మమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. స్టార్లింగ్ మన గోరింక జాతి పిట్టే కాబట్టి నేను గోరింక అనే చెప్పాను.

‘ఊఁ, తర్వాత?’

తర్వాత ఆకులు లేవు. గోరింక ఎగిరిన పేజీ దాటితే, నరికిన తల ఒకటి విందులో కూర్చుని స్నేహితులతో కబుర్లు చెబుతున్న పేజీ వస్తుంది. ఆ తల అన్నదే అని తెలుస్తోంది. చుట్టూ ఏడుగురే మిగిలారని తెలుస్తోంది. బ్రాన్వెన్ ఏమైందో తెలియదు.

ఇంతే ఉంది అమ్మమ్మా, పేజీలు పోయాయి అన్నాను.

‘పోతే పోయాయిలే, నేను చెబుతా’ అంది. చెప్పింది కూడా. గోరింక వెళ్ళి అన్న భుజం మీద వాలింది. అన్న ఉత్తరం చూసి అన్నం ముందు నుంచి లేచాడు. సైన్యం బయలుదేరింది. ‘మరి సముద్రం?’ అన్నాను. ఓడల సంగతి ఆవిడకు నచ్చలేదు. ‘అంత మనిషి ఓడలో ఎక్కడ పడతాడురా? వారధి కట్టుంటాడు’ అంది. రాముడు కట్టలేదా? ఇక యుద్ధం. అందులో అన్న తల తెగింది, అయినా చెల్లెల్ని ఇంటికి చేర్చమని ఆ తలే అందరికీ ఆజ్ఞ ఇచ్చింది. తల మాట్లాడటమేమిటని నేను నసిగితే, బర్బరీకుడి తల భారత యుద్ధమంతా చూడలేదూ అని కొట్టిపారేసింది. ‘పిల్ల పుట్టింటికి చేరింది. ఇక పడుకో.’

నాకు మటుకు అదే రెండో కథ అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో కార్డు కేటలాగులో ఇదే పుస్తకం ఇంకో అనువాదం కనపడింది. అలమారలో లేదు. మూడుసార్లు అడిగితే, మూడోసారి అక్కడి ఉద్యోగి, కార్డుందిగా, అది చదువుకోండి అన్నాడు.

మిగతావి నేనే చదువుకున్నాను. మూడో కథలో పంట పాడుచేసే ఎలుకల్లో ఒకదాన్ని పట్టుకుని, దొంగకు వెయ్యాల్సిన శిక్షేనంటూ బుల్లి ఉరికంబం కట్టే రాజు ఉన్నాడు. అటుగా వచ్చిన వాళ్ళంతా, ఒక ఎలుక కోసం ఇదేం పని, నీ హోదా ఏమిటి అని బతిమాలుతుంటే కదలడు. అది మామూలు ఎలుక కాదని అతనికి అనుమానం, చివరికి ఒక మాంత్రికుడి భార్య అని తేలుతుంది. ఎంత నవ్వానో. నాలుగో కథలో పూలతో అమ్మాయిని చేస్తారు, చివరికి ఆమెను గుడ్లగూబను చేస్తారు. అది నాకు అంతగా పట్టలేదు. పూలతో చేసినప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు కదా అనిపించింది.

అదే పుస్తకంలో కుల్హుక్ అనేవాడి కథ మాత్రం పిచ్చెక్కించింది. అందులో ఆర్థర్ రాజు సభలోవాళ్ళ పేర్ల పట్టిక పేజీలకు పేజీలు. వింటూ కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వడానికే కట్టారేమో అనిపిస్తుంది. నేలలో ఏడు నిలువుల లోతున పాతిపెట్టినా యాభై మైళ్ళ అవతల పొద్దున్నే పుట్టలోంచి కదిలే చీమ చప్పుడు వినగలవాడు ఒకడు. వాడి పేరుకు అర్థం చెవి, చెవి నిక్కించేవాడి కొడుకు అని. ఆ కథలోనే, పుట్టిన మూడో రాత్రి తల్లి పక్కలోంచి మాయమైన మాబోన్ అనే అతన్ని వెతుకుతూ లోకంలో అన్నిటికంటే ముసలి జంతువుల దగ్గరకు వెళ్తారు. మొదట ఒక నల్లపిట్ట. నేను వచ్చినప్పుడు ఇక్కడ కమ్మరి దిమ్మ ఉండేది, రోజూ సాయంత్రం దాని మీద ముక్కు రుద్దుకుంటే అరిగి అరిగి గింజంత మిగిలింది, అయినా ఆ పేరు వినలేదు, నాకంటే ముసలిది ఒకటుంది అడగండి అంటుంది. అక్కణ్ణుంచి దుప్పి, గుడ్లగూబ, గద్ద, చివరికి సాల్మన్ చేప. చేపకు తెలుసు. ఒక ఊరి గోడల దగ్గర ఇంకెక్కడా చూడనంత అన్యాయం చూశాను అంటుంది, భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్తుంది. అక్కడ జైలు గోడ అవతల ఏడుపు వినపడుతుంది.

కొన్నేళ్ళ తర్వాత భారతం వచనంలో అరణ్యపర్వం చదువుతుంటే ఇంద్రద్యుమ్నుడు తగిలాడు. తన కీర్తి భూమ్మీద ఎవరికీ గుర్తులేకపోవడంతో స్వర్గం నుంచి పడిపోతాడు. మార్కండేయుణ్ణి అడిగితే తెలియదంటాడు. హిమాలయంలో ఒక గుడ్లగూబ ఉంది, నాకంటే ముసలిది అంటాడు. గుడ్లగూబ కొంగ దగ్గరకు పంపుతుంది. కొంగ, ఈ సరస్సులోనే అకూపారుడని ఒక తాబేలు ఉంది, పెద్దవాడు అంటుంది. తాబేలు రాజును చూసి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. నువ్వు దానమిచ్చిన ఆవులు తొక్కితే పడ్డ గుంటే కదా ఈ సరస్సు అంటుంది. గుడ్లగూబ రెండిట్లోనూ ఉంది! ఎవరు ఎవరి దగ్గర విన్నారో తేల్చే ఓపిక నాకు లేదు. అమ్మమ్మకు చెబుదామనుకుంటే ఆవిడ అప్పటికే పోయింది, 2001లో.

2009లో ఆఫీసు వాళ్ళు ఆరు నెలలకు బ్రిస్టల్ పంపారు. ఒక శనివారం బస్సెక్కి కార్డిఫ్ బయలుదేరాను. సెవర్న్ వంతెన దాటగానే రోడ్డు పక్కన వేల్స్‌కు స్వాగతం అని రెండు భాషల్లో బోర్డు. వాళ్ళ భాషలో ‘క్రోయ్సో ఇ గమ్రి’. దేశం పేరు కమ్రి కదా, గమ్రి అని రాశారేమిటి, బోర్డులోనే అచ్చుతప్పా అనుకున్నాను. కంపోజిటర్ కొడుకుని మరి. తప్పు కాదు. ముందున్న చిన్న మాట వల్ల ‘క’ వచ్చి ‘గ’ అయింది. ప వస్తే బ అవుతుంది, త వస్తే ద అవుతుంది. హైస్కూల్లో తెలుగు మాస్టారు ‘పూచెను కలువలు, పూచెను గలువలు’ అని బెత్తం ఊపుతూ చెప్పిన సరళాదేశం గుర్తొచ్చి బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. వాళ్ళ నియమాలు వేరు, మన నియమాలు వేరు, కానీ నోరు చేసే పని ఒకటే. బ్రాన్ అన్న పేరు బెండిగైడ్‌వ్రాన్ అనే చోట వ్రాన్ ఎందుకైందో పదిహేనేళ్ళకు తెలిసింది. నేను అది వేరే మనిషి అనుకుని చదివాను.

కార్డిఫ్‌లో సియోనెడ్ డేవిస్ చేసిన అనువాదం కొన్నాను, 2007లో వచ్చింది. అట్ట ఉంది, అన్ని పేజీలూ ఉన్నాయి, లెక్కపెట్టుకున్నాను. ఇవి చదువుకోవడానికి కాదు, చెప్పుకోవడానికి, వినడానికి పుట్టిన కథలన్నది ఆవిడ ముందుమాటలో గట్టిగా చెప్పే సంగతి. రాతలోకి ఎక్కి ఇప్పటికీ మిగిలినవి ముఖ్యంగా రెండు పుస్తకాలు. ఒకటి 1350 ప్రాంతంలో రాసిన తెల్ల పుస్తకం, రెండోది 1400కు కాస్త అటూ ఇటూ రాసిన ఎర్ర పుస్తకం. మాబినోగియన్ అన్న పేరు కూడా రాయసగాడి పొరపాటేనంటారు. ఆ రూపం రాతప్రతిలో ఒక్కచోటే ఉందట. దాన్ని పట్టుకుని అన్ని కథలకూ వాడి ప్రచారం చేసింది లేడీ షార్లెట్ గెస్ట్. ఇనుప కర్మాగారం యజమాని భార్య, ఇంగ్లండ్ మనిషి, పెళ్ళయ్యాక వెల్ష్ నేర్చుకుంది, పదిమంది పిల్లల్ని కంటూ పెంచుతూ 1838 నుంచి ఇంగ్లిష్‌లో అచ్చువేయించింది. మర్యాద తప్పిన చోట్లు కాస్త సర్దేసింది కూడా. అదే కాలంలో ఇక్కడ బ్రౌన్ దొర వేమన పద్యాలు ఏరించి, నిఘంటువుకు మాటలు పోగేస్తున్నాడు.

పుస్తకం కొన్నాను గానీ రెండో కథ తెరవలేదు. హార్లెక్ వెళ్ళి అక్కడ చదవాలని పట్టుదల. ఇప్పుడు తలుచుకుంటే కుర్రతనమే, అప్పటికి నాకు ముప్పై ఆరు. జూన్‌లో రైళ్ళు మారుతూ వెళ్ళాను. మకన్‌లెత్ దగ్గర రైలు రెండు ముక్కలవుతుంది, సగం అబెరిస్ట్‌విత్ వైపు, సగం ఉత్తరంగా సముద్రం వెంబడి. సరైన పెట్టెలో ఉన్నానా అని టెన్షన్ పడుతుంటే ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా చేతిలో పుస్తకం చూశాడు. ప్విల్ ఎవరో తెలుసా అన్నట్టు ఏదో అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. వేలితో పేరు చూపించాను. ‘ఓ!’ అని నవ్వి, నాలుక ‘ల’ అనడానికి పెట్టు, ల అనకు, పక్కల్నుంచి గాలి ఊదు అన్నాడు. ఊదాను. తుంపర్లు పడ్డాయి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఇంకోసారి అన్నాడు. రెండు స్టేషన్లు ఊదాక, పర్లేదు, పిల్లి బుసలా ఉంది, దగ్గరికొచ్చావు అన్నాడు.

హార్లెక్‌లో ఆ రాతి మీద ఇప్పుడు కోట ఉంది. ఒకటో ఎడ్వర్డ్ వేల్స్‌ను గెలిచి 1283లో మొదలుపెట్టించింది. అన్న కూర్చున్న చోట గెలిచినవాడు కోట కట్టుకున్నాడు. సముద్రం కూడా వెనక్కి పోయింది. ఒకప్పుడు రాతి కింద దాకా ఉండేదట, ఇప్పుడు మధ్యలో ఇసుక దిబ్బలు. కోట ముందు కంచు విగ్రహం ఒకటి ఉంది, గుర్రం మీద ఒక పెద్ద మనిషి, అతని ముందు వేలాడుతున్న ఒక పిల్లవాడి శవం. అన్న, మేనల్లుడు. మేనల్లుడు చనిపోతాడని నాకు ఆ విగ్రహం చూసేదాకా తెలియదు.

గడ్డి మీద కూర్చుని పోయిన ఆరు పేజీలు చదివాను.

గోరింక అన్న భుజం మీద వాలుతుంది. ఈకలు విదిలిస్తే ఉత్తరం కనపడుతుంది. అమ్మమ్మ సరిగ్గానే చెప్పింది. అన్నకు పట్టే ఓడ లేదు, సముద్రంలో నడిచి వెళ్తాడు. అదీ సరే. ఐర్లండ్ తీరంలో పందులు కాసేవాళ్ళు చూసి రాజు దగ్గరకు పరిగెత్తుతారు. సముద్రం మీద అడవి కదిలి వస్తోంది, దాని పక్కన ఒక కొండ కదులుతోంది, కొండకు ఒక గట్టు, గట్టుకు అటూ ఇటూ రెండు చెరువులు అంటారు. ఎవరికీ అర్థం కాదు. వంటింట్లోంచి బ్రాన్వెన్‌ను పిలిచి అడుగుతారు. అడవి కాదు, ఓడల కొయ్యలు. కొండ మా అన్న. గట్టు ఆయన ముక్కు, చెరువులు ఆయన కళ్ళు అంటుంది. మూడేళ్ళు దెబ్బలు తిన్న పిల్ల ఆ మాట ఏ గొంతుతో చెప్పి ఉంటుంది? పుస్తకంలో లేదు.

ఐర్లండ్ వాళ్ళు ఒక నది వెనక్కి తప్పుకుని వంతెన కూలగొడతారు. నది అడుగున ఓడల్ని లాగేసే రాళ్ళున్నాయి. ఇప్పుడెలా అని మనుషులు అడిగితే అన్న ఒకటే మాట అంటాడు. తల అయినవాడు వంతెన కావాలి అని. ఒడ్డు నుంచి ఒడ్డుకు తనే పడుకుంటాడు, వీపు మీద తడికలు పరుస్తారు, సైన్యం దాటుతుంది.

వారధి కట్టుంటాడు అంది కదా.

తర్వాతివి త్వరత్వరగా చదివాను. పిండి బస్తాల్లో దాక్కున్న మనుషులు, నిప్పుల్లో పడ్డ పిల్లవాడు, చచ్చినవాళ్ళను లేపే కడవ. యుద్ధం కొన్ని వాక్యాలే. పదిహేనేళ్ళుగా నా తలలో ఉన్న యుద్ధం దీనికంటే చాలా పెద్దది, అందులో ఏనుగులు కూడా ఉన్నాయి. అన్న తన తల తనే నరకమంటాడు. మిగిలిన ఏడుగురూ బ్రాన్వెన్‌తో కలిసి ఇటువైపు ఒడ్డు చేరతారు, అలౌ అనే వాగు దగ్గర. ఆమె కూర్చుని ఒకసారి ఐర్లండ్ వైపు, ఒకసారి తన దేశం వైపు చూస్తుంది. నా మూలంగా రెండు మంచి దీవులు పాడయ్యాయి అంటుంది. పెద్దగా నిట్టూరుస్తుంది, గుండె పగులుతుంది. ఆ వాగు ఒడ్డునే నాలుగు మూలల సమాధి కడతారు.

అక్కడ నుంచి నాకు తెలిసిన పేజీలే. తలను పట్టుకుని హార్లెక్ వస్తారు, నేను కూర్చున్న చోటికే. ఏడేళ్ళు విందు. దూరంగా సముద్రం మీద రియానన్ పిట్టలు పాడుతుంటే పక్కనే పాడినట్టు వినపడుతుంది. ఆ తర్వాత ఇంకో దీవిలో ఎనభై ఏళ్ళు, ఏ దుఃఖమూ గుర్తుకురాకుండా. మూడు తలుపుల్లో ఒకటి తెరవకూడదు. ఒకడు తెరుస్తాడు. పోయినవాళ్ళంతా అప్పుడే పోయినట్టు గుర్తొస్తారు. డాబా మీద ఇది చెప్పినప్పుడు, తెరవద్దన్న తలుపు తెరవకుండా ఎవడుంటాడురా, అన్నం మానేసైనా తెరుస్తాడు అంది అమ్మమ్మ.

సాయంత్రం నాలుగైంది, ఇంటి దగ్గర రాత్రి ఎనిమిదిన్నర. అమ్మకు ఫోన్ చేశాను. నిమిషానికి ఎంత పడుతుందో లెక్కేసుకుంటూ అమ్మ ఎప్పుడూ తొందరపెడుతుంది.

‘అమ్మా, అమ్మమ్మ వారధి అని చెప్పింది గుర్తుందా, డాబా మీద? నిజంగానే వారధి ఉంది.’

‘ఏ వారధిరా?’

మొదటి నుంచి చెప్పాను. గుర్రాలు, వంటిల్లు, గోరింక, కొండ, చెరువులు, వంతెన. ఈసారి అమ్మ నిమిషాలు లెక్కపెట్టలేదు. చివరికి అడిగింది:

‘మరి ఆ పిల్ల?’

ఎదురుగా ఇసుక దిబ్బల మీద ఎవరో కుక్కను తిప్పుతున్నారు.

‘వచ్చేసిందమ్మా. అన్నతో పాటు బయలుదేరి వచ్చేసింది. పుట్టింటికి చేరింది.’